రిపేరుకొచ్చింది, సర్వీసింగ్‌కి ఇచ్చాను: అమెరికా కార్ల చరిత్రలో ఒక అలవాటు

తెలుగువాళ్లు బండి గురించి మాట్లాడుకునేటప్పుడు రెండు వాక్యాలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి, "బండి రిపేరుకొచ్చింది." రెండోది, "బండి సర్వీసింగ్‌కి ఇచ్చాను." ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వాక్యంలో కర్త బండి. అదే వచ్చింది, మనల్ని అడగలేదు. రెండో వాక్యంలో కర్త నేను. "నేను" అనే మాట పైకి లేకపోయినా "ఇచ్చాను" అన్న క్రియలో ఉంది. తెలుగు నేర్చుకుంటున్న మనకి ఇది వ్యాకరణ పాఠం. కారు నడిపే మనకి ఇది ఇంకో పాఠం కూడా.

పాడయ్యాక బాగుచేయించడం రిపేరు. దీన్నే మరమ్మతు అని కూడా అంటారు. ఆ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. పాడవకముందే చూసుకోవడం సర్వీసింగ్. మొదటిదాని మీదే బతికేవాళ్ల కోసం మన పెద్దలు ఒక సామెత చెప్పారు: చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

అమెరికాలో కార్లు తిరగడం మొదలై నూట ఇరవై ఏళ్లు దాటింది. ఈ కాలంలో "ముందుగా చూసే పని" ఎవరిది అన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు మారింది. ఒకప్పుడు అది యజమాని పని. తర్వాత పెట్రోలు బంకు పని అయింది. తర్వాత ప్రభుత్వం పని, ఆ తర్వాత కారులోని కంప్యూటర్ పని అయింది. ఇప్పుడు మళ్లీ తిరిగి మన దగ్గరికే వస్తోంది. ఆ కథే ఈ వ్యాసం.

యజమాని చేతుల్లో

1908 అక్టోబరులో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారును అమ్మకానికి పెట్టింది. 1927లో దాని తయారీ ఆగేనాటికి కోటీ యాభై లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. కొన్నవాళ్లలో చాలామంది రైతులు, చిన్న ఊళ్ల మనుషులు. దగ్గర్లో మెకానిక్ ఉండడు. ఉన్నా అతను నిన్నటిదాకా గుర్రపు బళ్లు బాగుచేసినవాడే.

మోడల్ టీలో ఆయిల్ చూడడానికి ఇప్పటిలా పుల్ల ఉండేది కాదు. ఇంజిన్ అడుగున రెండు చిన్న కుళాయిలు ఉండేవి, ఒకటి పైన, ఒకటి కింద. యజమాని కారు కింద దూరి కుళాయి తిప్పాలి. ఆయిల్ మట్టం ఆ రెండు కుళాయిల మధ్య ఉంటే సరిపోయినట్టు. కింది కుళాయి తిప్పినా ఆయిల్ రాకపోతే ప్రమాదం. ఆయిల్ పంపు లేదు, ఫిల్టరు లేదు. తిరిగే భాగాలు ఆయిల్‌ని చిమ్ముతుంటే అదే అన్నిటికీ అందాలి. దుమ్ము రోడ్ల మీద నడిచే బండి కాబట్టి ఆయిల్ త్వరగా మురికయ్యేది. అందుకే ఫోర్డ్ వాళ్లు కారుతో ఇచ్చిన పుస్తకంలో కొత్త కారుకి 400 మైళ్ల తర్వాత ఒకసారి, ఆ తర్వాత సుమారు 750 మైళ్లకి ఒకసారి పాత ఆయిల్ తీసేయమని రాశారు. ఆ పుస్తకం ప్రశ్నలు, జవాబుల రూపంలో ఉండేది. ఇంట్లో మేస్టారు లేని పిల్లాడికి పాఠ్యపుస్తకం ఎలాగో, ఆ యజమానికి అది అలాగ.

అంటే మొదటి తరం కారు యజమానికి వేరే దారి లేదు. చూసుకుంటే కదులుతుంది, చూసుకోకపోతే పొలం గట్టు మీద ఆగిపోతుంది.

బంకు కుర్రాడి చేతుల్లో

1913 డిసెంబరు 1న పిట్స్‌బర్గ్‌లో బామ్ బులవార్డ్ మీద గల్ఫ్ కంపెనీ ఒక పెట్రోలు బంకు తెరిచింది. కార్లు లోపలికి వచ్చి పెట్రోలు పోయించుకుని వెళ్లేలా కట్టిన తొలి బంకుల్లో అది పేరుపడింది. మొదటి రోజు అమ్మింది 30 గాలన్లు, గాలన్ 27 సెంట్లు. తెలుగువాళ్లకి పిట్స్‌బర్గ్ అంటే వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ గుడి వచ్చింది 1970లలో. అంతకు అరవై ఏళ్ల ముందే ఆ ఊరు అమెరికా కారు చరిత్రలో చోటు సంపాదించుకుంది.

ఆ బంకులో పెట్రోలుకే డబ్బు. టైర్లకి గాలి, రేడియేటరుకి నీళ్లు ఉచితం. వ్యాపారం కోసం మొదలుపెట్టిన ఈ మర్యాద దేశమంతా పాకింది. తర్వాతి యాభై ఏళ్లు అమెరికాలో కారు బంకులోకి వచ్చిందంటే యూనిఫాం వేసుకున్న ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చేవాడు. ఒకవైపు పెట్రోలు పోస్తూ, ఇంకోవైపు బానెట్ తెరిచి ఆయిల్ చూసేవాడు, అద్దం తుడిచేవాడు, టైర్లలో గాలి చూసేవాడు. యజమాని సీట్లోంచి దిగనక్కర్లేదు.

గమనించండి, ఇక్కడ ఒక మార్పు జరిగింది. వారానికొకసారి ఎవరో ఒకరు కారుని చూస్తున్నారు. కానీ ఆ చూసేది యజమాని కాదు. పని జరుగుతోంది, అలవాటు మాత్రం చేతులు మారింది.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. ధరలు పెరిగాయి. గాలన్ మీద ఒకటి రెండు సెంట్లు తగ్గినా చాలని జనం తమ పెట్రోలు తామే పోసుకోవడానికి సిద్ధపడ్డారు. కుర్రాడు వెళ్లిపోయాడు. అతనితో పాటు ఆ వారం వారం చూపు కూడా వెళ్లిపోయింది. న్యూజెర్సీలో మాత్రం 1949 నాటి చట్టం వల్ల ఇప్పటికీ బంకు మనిషే పెట్రోలు పోస్తాడు. కానీ అక్కడ కూడా బానెట్ తెరవమని అడిగేవాళ్లు కనిపించరు.

యుద్ధం నేర్పిన పాఠం

మధ్యలో మూడున్నరేళ్ల పాటు అమెరికా మొత్తం కలిసి కార్లని కాపాడుకుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు.

1942 ఫిబ్రవరిలో మామూలు జనానికి కార్లు తయారుచేయడం ఆగిపోయింది. ఫ్యాక్టరీలన్నీ యుద్ధ సామగ్రి వైపు మళ్లాయి. అంతకంటే పెద్ద సమస్య రబ్బరు. అమెరికాకి వచ్చే రబ్బరులో చాలా భాగం మలయా, ఇండోనేషియా ప్రాంతాల నుంచి వచ్చేది. వాటిని జపాన్ ఆక్రమించింది. ఇక టైర్లు లేవు. ప్రభుత్వం ఒక్కో కారుకి ఐదు టైర్లే ఉంచుకోమంది, మిగిలినవి తనకి అమ్మేయమంది. గంటకి 35 మైళ్ల వేగం దాటవద్దంది. 1942 డిసెంబరు నుంచి దేశమంతా పెట్రోలుకి రేషన్ పెట్టింది. ఆ రేషన్ కావాలంటే గడువు ప్రకారం టైర్లు పరీక్ష చేయించి కార్డు మీద రాయించుకోవాలి.

పెట్రోలు రేషన్‌కి అసలు కారణం పెట్రోలు కొరత కన్నా టైర్లు. జనం తక్కువ తిరిగితే టైర్లు తక్కువ అరుగుతాయి! కొత్తది దొరకదు అని తెలిసినప్పుడు ఉన్నదాని విలువ తెలుస్తుంది. ఉన్న నాలుగు చీరలనే జాగ్రత్తగా మడతపెట్టుకున్న మన అమ్మమ్మల కాలం గుర్తు తెచ్చుకోండి, ఆ మనసు అర్థమవుతుంది.

సైన్యం ఇంకో అడుగు ముందుకు వేసింది. జీపు పాడైతే యుద్ధభూమిలో ప్రాణమే పోతుంది. కానీ పద్దెనిమిదేళ్ల సిపాయి లావుపాటి సాంకేతిక పుస్తకం చదవడు. అందుకని బొమ్మలతో చెప్పారు. విల్ ఐస్నర్ అనే ప్రసిద్ధ కామిక్స్ చిత్రకారుడు యుద్ధకాలంలో "ఆర్మీ మోటార్స్" అనే పత్రికకి జో డోప్ అనే తెలివితక్కువ సిపాయి బొమ్మలు గీశాడు. జో డోప్ ఏది చేయకూడదో అదే చేస్తాడు, బండి పాడవుతుంది, చదివేవాడు నవ్వి నేర్చుకుంటాడు. 1951 జూన్‌లో సైన్యం "పి.ఎస్." అనే నెలవారీ పత్రిక మొదలుపెట్టింది. పి.ఎస్. అంటే తాజాకలం, ఉత్తరం పూర్తయ్యాక కింద చేర్చే మాట. పెద్ద పుస్తకాలకి ఇది తాజాకలం అన్నమాట. దాని ఉపశీర్షికలోనే "ముందస్తు నిర్వహణ" అన్న మాట ఉంది. 1971 దాకా ఐస్నరే దాని బొమ్మల బాధ్యత చూశాడు.

అదే కాలంలో ఈ ఆలోచన అమెరికా నుంచి జపాన్ ఫ్యాక్టరీలకి వెళ్లింది. అక్కడివాళ్లు దాన్ని ఇంకా పెంచారు. యంత్రాన్ని మెకానిక్ మాత్రమే కాదు, దాని మీద రోజూ పనిచేసే మనిషే తుడవాలి, చూడాలి, చిన్న శబ్దం మారినా గమనించాలి అన్నారు. టొయోటా కుటుంబానికి చెందిన నిప్పాన్‌డెన్సో కంపెనీ ఇందులో పేరు తెచ్చుకుంది. గుడి పార్కింగులో వరసగా కనిపించే కామ్రీలు, కరోలాల వెనక ఈ కథ కూడా ఉంది.

మన వైపు ఒక చూపు

తెలుగు నేల మీద కూడా ఈ చరిత్ర ఉంది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. అప్పుడున్నవి 27 బస్సులు. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సుల పేరు ఆ రోజులతో ముడిపడిపోయింది. వాటిలో ఒకదాన్ని హైదరాబాదులో ఇప్పటికీ భద్రంగా ఉంచారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1999లో అత్యధిక బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

అన్ని వేల బస్సులు నడపాలంటే ఆగిపోయినప్పుడు చూద్దాంలే అంటే కుదరదు. అందుకే "డిపో" అనే మాట ఉంది. బస్సు తిరిగి వచ్చాక డిపోకి చేరుతుంది. డ్రైవరు బ్రేకు పట్టడం లేదనో స్టీరింగు లాగుతోందనో చెప్తాడు, మెకానిక్ చూస్తాడు. ఇంత దూరం తిరిగాక ఈ పని చేయాలి అని లెక్క ఉంటుంది. సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు ఆర్టీసీ బస్సెక్కితే ఆ పాత సీటుని చూసి నవ్వకండి. లక్షల మైళ్లు తిరిగిన బండి ఇంకా నడుస్తోందంటే, రాత్రి పూట దాన్ని ఎవరో చూస్తున్నారని అర్థం.

ప్రభుత్వం అంటించిన స్టిక్కరు

మళ్లీ అమెరికాకి వద్దాం. 1926లో మసాచుసెట్స్ రాష్ట్రం కార్ల భద్రతా పరీక్ష మొదలుపెట్టింది. అప్పట్లో అది ఇష్టమైతేనే. క్రమంగా కొన్ని రాష్ట్రాల్లో తప్పనిసరి అయింది. 1960ల మధ్యలో ఏడాదికి సుమారు యాభై వేల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. 1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు జాన్సన్ రెండు భద్రతా చట్టాల మీద సంతకం చేశారు. ఆ ఒత్తిడితో 1970ల మధ్యకి ముప్పైకి పైగా రాష్ట్రాల్లో కారు పరీక్ష తప్పనిసరి అయింది. బ్రేకులు, లైట్లు, టైర్లు చూసి అద్దం మీద స్టిక్కరు అంటించేవారు.

1965 తర్వాత వచ్చిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఈ స్టిక్కరుతోనే అమెరికా కారుని పరిచయం చేసుకున్నారు. కానీ 1976లో కాంగ్రెస్ రాష్ట్రాల మీద ఆ ఒత్తిడి తగ్గించింది. అప్పటినుంచి ఒక్కొక్క రాష్ట్రమే పరీక్ష తీసేస్తూ వచ్చింది. 2010లో న్యూజెర్సీ మామూలు కార్లకి బ్రేకుల వంటి యాంత్రిక పరీక్ష ఆపేసింది. 2025 జనవరి 1 నుంచి టెక్సస్ కూడా భద్రతా పరీక్ష తీసేసింది. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లోని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. పెన్సిల్వేనియా, వర్జీనియా లాంటి చోట్ల ఏటా పరీక్ష ఇంకా నడుస్తోంది.

పరీక్ష వల్ల ప్రాణాలు ఎంతవరకు నిలుస్తాయన్న దాని మీద వాదనలు ఉన్నాయి. డబ్బు, టైము దండగ అని ఒకవైపు, ప్రాణం కన్నా ఎక్కువా అని ఇంకోవైపు. ఒకటి మాత్రం నిజం. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఉన్న తెలుగు కుటుంబానికి "నీ బ్రేకులు ఎలా ఉన్నాయి?" అని ఏడాదికోసారి అడిగే గొంతు ఇప్పుడు లేదు.

లైటు వెలిగింది

ఆ గొంతు బదులు లైట్లు వచ్చాయి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటిలో ఓబీడీ-2 అనే కంప్యూటర్ పరీక్షా వ్యవస్థ తప్పనిసరి. ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు దాని మాటే.

టైరు లైటు వెనక మాత్రం ఒక విషాదం ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లని వెనక్కి తీసుకుంది. వాటిలో చాలా వరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల మీద ఉన్నవే. వేడి రాష్ట్రాల్లో, పెద్ద వేగంలో టైరు పైపొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి. ఈ ప్రమాదాల్లో అమెరికాలో 271 మంది చనిపోయినట్టు రవాణా భద్రతా సంస్థ లెక్క కట్టింది. టైర్లలో లోపం ఉంది. దానికి తోడు గాలి తక్కువ ఉంటే టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ఫోర్డ్ చెప్పిన గాలి ఒత్తిడి 26, ఫైర్‌స్టోన్ కోరింది 30. తప్పెవరిదని రెండు కంపెనీలు కొట్టుకున్నాయి. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెస్ చట్టం చేసింది. 2008 మోడల్ నుంచి ప్రతి కారులో టైరు గాలి లైటు వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ లైటు ఎప్పుడు వెలగాలని నియమం? ఉండాల్సిన గాలి కన్నా పాతిక శాతం తగ్గినప్పుడు. ఉండాల్సింది 32 అయితే 24కి పడిపోయాక. అంటే 27 దగ్గర, 26 దగ్గర లైటు మాట్లాడదు. మనం మాత్రం "లైటు లేదు కదా, అంతా బాగానే ఉంది" అనుకుంటాం. లైటు రిపేరు వైపు నిలబడి ఉంది, సర్వీసింగ్ వైపు కాదు. లైటు వెలిగే వేళకి చేతులు కాలడం మొదలైపోయింది.

చలి మొదలైన తొలి ఆదివారాల్లో మా గుడి పార్కింగులో ఇది ఏటా చూస్తాను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడితే టైరులో ఒత్తిడి దాదాపు ఒక పాయింటు తగ్గుతుంది. అభిషేకం అయ్యేలోపు ముగ్గురు నలుగురు వచ్చి "అంకుల్, మీ దగ్గర గాలి పంపు ఉందా?" అని అడుగుతారు. అడిగినవాళ్లు మంచివాళ్లు. అడగకుండా పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదకి వెళ్లేవాళ్ల గురించే నా భయం.

ఎంత చూసుకుంటే చాలు?

ముందే చూసుకోవడం అంటే కనిపించిన ప్రతిదీ మార్చేయడం కాదు. దానికీ చరిత్ర ఉంది. 1920లలో ఆయిల్ ఫిల్టర్లు వచ్చాయి. ఆయిల్ కూడా దశాబ్దానికి దశాబ్దం మెరుగైంది. 1970లలో యూటాలో మొదలైన జిఫీ లూబ్ లాంటి దుకాణాలు పది నిమిషాల్లో ఆయిల్ మార్చడం మొదలుపెట్టాయి. అద్దం మూల ఒక చిన్న స్టిక్కరు, దాని మీద 3,000 మైళ్ల తర్వాతి అంకె. చాలా మంది తెలుగు నాన్నలకి ఆ అంకె వేదవాక్కు. ఇప్పటి కార్లలో చాలా వాటికి కంపెనీ చెప్పేది 5,000 నుంచి 10,000 మైళ్లు. వాడేసిన ఆయిల్ కూడా కాలుష్యమే కాబట్టి, 3,000 లెక్క వదిలేయమని కాలిఫోర్నియా ప్రభుత్వమే ప్రచారం చేసింది.

కాబట్టి ప్రమాణం అద్దం మీది స్టిక్కరు కాదు, గ్లవ్ బాక్సులోని పుస్తకం. మోడల్ టీ రైతుకి ఉన్న ఆ పుస్తకమే మనకీ ఉంది. దాని గడువుల వెనక లెక్క ఒక్కటే: చౌక భాగం అరిగి ఖరీదైన భాగాన్ని కాపాడుతుంది. బ్రేకు ప్యాడ్ అరిగిపోతే దాని వెనక ఇనుము డిస్కుని గీస్తుంది. అప్పుడు రెండూ మార్చాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో, బెల్టు నడుస్తుండగా తెగితే చాలా వాటిలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. ఒక రబ్బరు పట్టీ వల్ల ఇంజినే పోతుంది. కూలెంటు తగ్గినా చూసుకోకపోతే వేడికి ఇంజిన్ తలభాగం వంకరపోతుంది. చౌకదాన్ని గడువుకి మార్చడమే సర్వీసింగ్. ఆ గడువు మరిచిపోతే ఖరీదైనది మార్చడం రిపేరు.

కరెంటు కార్లలో ఇంజిన్ ఆయిల్ లేదు, నిజమే. కానీ బరువు ఎక్కువ, కాబట్టి టైర్ల మీద భారమూ ఎక్కువే. టైర్లు, బ్రేకు ఆయిల్, కూలెంటు వాటికీ ఉన్నాయి.

మళ్లీ మన చేతుల్లోకి

దసరాకి ఆయుధపూజ చేస్తాం. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ ఆ రోజు పాన్లు, స్పానర్లు తుడిచి, నూనె రాసి, పసుపు కుంకుమ పెడతాడు. గమనిస్తే అందులో సగం సర్వీసింగే. శుభ్రం చేయడం, నూనె పెట్టడం, ఒక రోజు విశ్రాంతి ఇవ్వడం, దగ్గర నుంచి చూడడం. అమెరికాలో మన గుళ్లలో వాహనపూజకి కార్లు వరస కడతాయి. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడతాం. నిమ్మకాయ పెట్టడానికి ఎలాగూ వంగుతాం. వంగినప్పుడే టైరు ఎంత అరిగిందో, పక్కన పగులు ఉందో లేదో చూడొచ్చు. స్వామి అభ్యంతరం చెప్పడు.

నెలకొకసారి చేత్తో గాలి కొలవండి. కొలిచే పనిముట్టు కొద్ది డాలర్లే. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు అంచున రాసి ఉంటుంది. కారు నంబరు వేసి ప్రభుత్వ వెబ్‌సైట్లో రీకాల్ ఉందేమో చూడండి. ఉంటే డీలరు ఉచితంగా చేస్తాడు. పుస్తకం తీసి రాబోయే గడువు ఒకటి క్యాలెండరులో రాసుకోండి. మీ అమ్మానాన్నలు వేరే ఊళ్లో ఉంటే, వాళ్ల కారు కూడా చూడండి. వాళ్లు అడగరు.

కుర్రాడు వెళ్లిపోయాడు, కొన్ని రాష్ట్రాల్లో స్టిక్కరు పోయింది, లైటు ఆలస్యంగా వెలుగుతుంది. నూటపదిహేనేళ్ల కింద కారు కిందకి దూరి కుళాయి తిప్పిన రైతు దగ్గర ఆగాం మళ్లీ. మన అదృష్టం, కారు కిందకి దూరనక్కర్లేదు. ఒక్క వాక్యం మన నోట్లో ఉంటే చాలు, కర్త "నేను" అయిన వాక్యం.

ఈ వారం మాటలు

కర్త: వాక్యంలో పని చేసేవాడు, లేదా చేసేది.
గడువు: పని జరగాల్సిన చివరి రోజు లేదా లెక్క. "గడువు దాటింది" అంటే ఆలస్యమైంది.
అరగడం: వాడగా వాడగా సన్నబడడం. చెప్పులు అరుగుతాయి, టైర్లు అరుగుతాయి. తిన్న అన్నం కూడా అరుగుతుంది, కానీ అది మంచిదే.
తాజాకలం: ఉత్తరం చివర చేర్చే మాట. ఉత్తరాల్లో "తా.క." అని రాస్తారు.

అభ్యాసం: మీ కారు గురించి రెండు వాక్యాలు రాయండి. ఒక దాంట్లో కర్త కారు, రెండో దాంట్లో కర్త మీరు. రెండోది ఈ నెలలోనే నిజం చేయండి.